విరగాల్సిన పిన్ను

“సంతకం పెడితే ఇంటికి గౌరవంగా పంపిస్తారు, పెట్టకపోతే కేసు పెట్టి పంపిస్తారు. పంపించడం మాత్రం ఖాయం,” అంటూ కెప్టెన్ బల్ల మీది కాగితాన్ని నా వైపు జరిపింది.

చదివాను. బయల్దేరేటప్పుడు రన్‌వేకి వెళ్ళే మలుపు దగ్గర తాను విమానం ముక్కు కింది చక్రాన్ని మితిమీరి బలంగా తిప్పిన మాట నిజమేననీ, దానివల్లే స్టీరింగ్ దెబ్బతిన్నదనీ, మొన్న దిగేటప్పుడు జరిగిన ప్రమాదానికి పూర్తి బాధ్యత తనదేననీ రాసి ఉంది. కింద ఆమె సంతకానికి ఖాళీ వదిలారు. ఆ ఖాళీ నింపడానికి సాయంత్రం నాలుగింటి దాకా గడువు. నేను వెళ్ళేసరికే ఒంటిగంట దాటింది.

ముందే చెప్పేస్తాను, నాకు విమానాలంటే భయం. ఇంతవరకూ ఒక్కటి కూడా ఎక్కలేదు. తప్పిపోయినవాళ్ళని బస్సుల్లో వెతికాను, రైళ్ళలో వెతికాను, ఎగిరిపోయినవాళ్ళ కేసు వస్తే మాత్రం మర్యాదగా దణ్ణం పెట్టాను. అలాంటివాణ్ణి ఈ విమాన సంస్థ ఆఫీసు దాకా లాక్కొచ్చింది కెప్టెన్ కాదు, ఆమె అత్తగారు. నిన్న ఆవిడ గొడుగు చంకలో పెట్టుకుని నా గదిలోకి వచ్చి, కూర్చోమనకుండానే కూర్చుంది.

“మా కోడలు తప్పు చేసే మనిషి కాదు నాయనా. చేస్తే అందరికంటే ముందు నేనే పట్టుకునేదాన్ని. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కటీ దొరకలేదు,” అంది.

కోడలికి అంతకంటే గట్టి సర్టిఫికెట్ ఎవరు ఇవ్వగలరు? అప్పటికప్పుడు కేసు ఒప్పుకున్నాను.

“మొదట్నుంచీ చెప్పండమ్మా. నాకు విమానాల సంగతి ఏమీ తెలీదనుకుని చెప్పండి. నిజంగానే తెలీదు,” అన్నాను.

కెప్టెన్ నవ్వబోయి ఆగింది. మెడకి పట్టీ ఉంది, నవ్వితే నొప్పి కాబోలు. నలభై దాటిన మనిషి. రెండు రాత్రులుగా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి.

“బయల్దేరినప్పుడు అంతా బాగానే ఉందండి. మలుపులన్నీ మామూలుగానే తిరిగాం. ఊరు దగ్గరపడ్డాక దిగడానికి చక్రాలు దింపాను. దింపగానే స్టీరింగ్ లైటు వెలిగింది. ముక్కు చక్రం మా మాట వినడం లేదని దానర్థం.”

“అది ఎటు తిరిగి ఉందో మీకు కనపడదా?”

“లోపల కూర్చున్నవాళ్ళకి కనపడదు. తిన్నగా ఉంటే ఫర్వాలేదు. అడ్డంగా ఉంటే నేల తగలగానే టైరు పేలిపోతుంది, విమానాన్ని ఎటు లాగేస్తుందో చెప్పలేం. వర్షం పడుతోంది. టవర్ మీదుగా కిందికి ఎగిరి, అక్కడివాళ్ళని చూడమన్నాను. వాళ్ళకీ సరిగా కనపడలేదు.”

“భయం వెయ్యలేదా?”

“వేసింది. వేసిందని పక్కన కూర్చున్న కో-పైలట్‌కి చెప్పాను కూడా. ‘నాకు భయంగా ఉంది, ప్రతి పనీ పైకి చెప్తూ చేస్తాను, నేనేదైనా మర్చిపోతే నువ్వు గుర్తు చెయ్యి’ అన్నాను. ఆ అబ్బాయి నాకంటే భయపడ్డాడు పాపం. అయినా రెండు సంగతులు గుర్తు చేశాడు.”

ఆ మాటతో ఈ మనిషి మీద నాకు గురి కుదిరింది. భయపడ్డానని ఒప్పుకునేవాళ్ళు అబద్ధం ఆడడం నేను పెద్దగా చూడలేదు.

ఆమె మిగతాది చెప్పింది. ఇంధనం తగ్గి బరువు దిగేదాకా ఊరి చుట్టూ తిరిగారు. ముక్కు తేలిగ్గా ఉండాలని ముందు వరసల్లో వాళ్ళని వెనక్కి పంపించారు. ఒక పెద్దాయన లేవనని మొరాయించాడట, కిటికీ సీటని ఎప్పుడో బుక్ చేసుకున్నానని. సీనియర్ హోస్టెస్ వంగి, “వెనక కిటికీలోంచి కూడా ఇదే ఆకాశం కనిపిస్తుంది తాతగారూ, రండి,” అని చెయ్యి పట్టుకుని నడిపించిందట. వెనక చక్రాలు నేల తగిలాక, వేగం చచ్చేదాకా కెప్టెన్ ముక్కుని పైకెత్తి పట్టుకుంది. ఇక నిలపలేననుకున్నప్పుడు నెమ్మదిగా దించింది.

“దించగానే తెలిసిపోయింది, అడ్డంగా ఉందని. పళ్ళు కదిలిపోయాయనుకోండి. ఎడమకి లాగేస్తోంది. కుడి పెడలు మీద నిలబడ్డాను, కుడి బ్రేకు తొక్కాను. ఎడమ చక్రాలు గడ్డిలోకి దిగాక ఆగింది. జారుడు బల్లలు తెరిచి అందర్నీ దింపేశాం.”

“అందరూ క్షేమమే కదా?”

ఆమె చూపు దించుకుంది. “ఆ హోస్టెస్ కాలు విరిగింది. అందర్నీ దింపి, నా ముందు చివరగా దూకింది. వచ్చే నెల ఆ పిల్ల పెళ్ళి. చక్రాన్ని నేను విరగ్గొట్టలేదు, అది నాకు తెలుసు. కానీ ఆ కాలు గుర్తొస్తే సంతకం పెట్టేసి పోదామా అనిపిస్తుంది.”

“నాలుగింటి దాకా కలం ముట్టుకోకండి,” అన్నాను గట్టిగా. నాకు నిజంగా బాధ వేసింది. నిండు విమానాన్ని ప్రాణాలతో దింపిన మనిషికి ఈ గదిలో మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టలేదు.

“ఒక్కటి చెప్పండి. మీ సీట్లో కూర్చుని ఆ చక్రాన్ని ఎంత దూరం తిప్పగలరు?”

“కొంతవరకే. దానికి హద్దుంది. ఆ హద్దు దాటి తిప్పాలని ఎంత ప్రయత్నించినా తిరగదు.”

“మరి బయట్నుంచి?”

“హ్యాంగర్లోంచి, అంటే విమానాల షెడ్డులోంచి, విమానాన్ని టగ్గుతో లాగుతారు కదా, ట్రాక్టర్ లాంటి బండి. దాంతో అయితే హద్దు దాటించొచ్చు. దాటితే లోపల ఏదో ఒకటి చీలుతుంది. కానీ అలా జరగదండి. టగ్గుకీ విమానానికీ మధ్య టో బార్ అని ఇనుప కడ్డీ ఉంటుంది. దాంట్లో ఒక పిన్ను పెడతారు. కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. బలం ఎక్కువైతే ముందు అదే పుటుక్కుమంటుంది. విమానం బతికిపోతుంది.”

“అది విరక్కపోతే?”

“విరక్కపోవడమేమిటి? విరగడానికే కదా పెట్టేది!”

అప్పుడే తలుపు తోసుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. చొక్కా చేతుల మీద ఇస్త్రీ గీత చూస్తేనే ఎవరో తెలిసిపోయింది. ఈ సంస్థ భద్రతాధికారి. ఒకప్పుడు పోలీసు. ఏ ఎండలో నిలబడ్డా బట్ట నలగదని అప్పుడే అందరూ ఇస్త్రీ ఆఫీసర్ అని పిలిచేవాళ్ళు. ఆయన దొంగ అని పట్టుకున్న ఒక గుమాస్తాని నేను దొంగ కాదని తేల్చాను. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

“ఎవరు పిలిచారు మిమ్మల్ని?” అన్నాడు నన్ను చూసి.

“ఈవిడ అత్తగారు.”

“అత్తగార్లు కూడా దర్యాప్తులు చేయిస్తున్నారా?”

“మీరు చెయ్యకపోతే ఎవరో ఒకరు చేయించాలి కదండీ.”

ఆయన చెంప ఎర్రబడింది. “ఇంజనీర్లు స్పష్టంగా చెప్పారు. స్టీరింగ్ లోపలి ముక్క గాల్లోకి లేవకముందే చీలింది. గాల్లో చక్రాలు ముడుచుకున్నప్పుడు పూర్తిగా ఊడింది. చీలేటంత బలంగా ఎవరు తిప్పినట్టు? ఆ రోజు నడిపింది ఈవిడ. మలుపు దగ్గర ఈవిడ చక్రాన్ని గిర్రున తిప్పడం చూసినవాడు కూడా ఉన్నాడు.”

“ఎవరు?”

“టగ్గు డ్రైవరు. ఏ పక్షం లేని మనిషి.”

కెప్టెన్ తలెత్తి, “బుల్లెట్టా? బుల్లెట్ అలా చెప్పాడా?” అంది. ఆ గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువ వినిపించింది. టగ్గుని నత్తలా నెమ్మదిగా నడుపుతాడని వెటకారంగా అతనికి బుల్లెట్ అని పేరు పెట్టారట. విమానాన్ని లాగడంలో ఎవరైనా అతని తర్వాతేనని ఆమె చాలామందికి చెప్పిందట.

“హ్యాంగర్ చూడాలి. ఆ బుల్లెట్‌తోనూ మాట్లాడాలి,” అన్నాను.

“రెండు రోజులుగా సెలవులో ఉన్నాడు. విచారణ కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి ఇప్పుడే పిలిపించాను,” అన్నాడు ఇస్త్రీ ఆఫీసర్. “మీ వెంట నేనూ వస్తాను. మీరు ఒంటరిగా తిరిగితే మా హ్యాంగర్లో లేని సాక్ష్యాలు కూడా పుట్టుకొస్తాయి. ఈవిడ మాత్రం ఇక్కడే ఉండాలి. సస్పెన్షన్లో ఉన్నవాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు.”

హ్యాంగర్లో ఆ సమయానికి ఒకే ఒక్క విమానం ఉంది, అదీ ఇంజన్లు విప్పి. దాని కింద నుంచి నడవాల్సి వచ్చినప్పుడు నేను తల వంచుకుని నాలుగడుగులు వేగంగా వేశాను. ఇస్త్రీ ఆఫీసర్ గమనించి మీసం చాటున నవ్వాడు. నవ్వుకోనిచ్చాను.

గుమ్మం పక్క మూలలో కొత్త గది కనిపించింది. ఇటుకల మీద సున్నం ఇంకా తెల్లగా ఉంది.

“ఇదేమిటి?”

“సామాన్ల గది. కిందటి నెల కట్టించాం.”

“ఇది కట్టక ముందు విమానాల్ని తిన్నగా బయటికి లాగేవాళ్ళు. ఇప్పుడు ఈ గోడ తగలకుండా మూల దగ్గర మెలి తిప్పాలి. అవునా?”

“తిప్పుతారు. డ్రైవర్లకి జీతాలిచ్చేది అందుకే.”

నేల మీద టైర్ల నల్లటి చారలు ఆ మూల చుట్టూ కుప్పలుగా ఉన్నాయి. గోడ పక్కనే మూడు టో బార్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మోకాళ్ళు కలుక్కుమంటున్నా వంగి ఒక్కొక్కటీ చూశాను. మొదటి రెండింట్లో పిన్నులు పాతవి, మసిబారినవి. మూడో దాంట్లో పిన్ను కొత్త రూపాయిలా మెరుస్తోంది.

“కొత్తది వేశారు. పాతది విరిగి ఉంటుంది. ఇందులో వింతేముంది?” అన్నాడు ఇస్త్రీ ఆఫీసర్.

“పిన్ను తల ఎలా ఉంది?”

“గుండ్రంగా.”

“దాని చుట్టూ పసుపు రంగు రాలిపోయిన గుర్తు చూడండి. ఎలా ఉంది?”

ఆయన ప్యాంటు మడత జాగ్రత్తగా పైకి లాక్కుని వంగాడు. ఆ గుర్తు పిన్ను తల కంటే వెడల్పుగా ఉంది. గుండ్రంగా లేదు, ఆరు మూలలతో ఉంది.

“ఇక్కడ కొన్నాళ్ళు ఒక బోల్టు ఉంది. గట్టి ఉక్కు బోల్టు, రెంచీతో బిగించేది. ఈ మధ్యే పీకేసి, మళ్ళీ పిన్ను పెట్టారు,” అన్నాను.

“ఊహ!”

“ఊహే. ఆ మాట చెప్పాల్సినవాడు వస్తున్నాడు.”

బుల్లెట్ నడకలోనూ అదే నెమ్మది. చేతిలో నూనె గుడ్డ లేదు గానీ, ఉన్నట్టే వేళ్ళు తుడుచుకుంటున్నాడు. యూనిఫాం ఉతికి వేసుకొచ్చాడు, గడ్డం మాత్రం గీసుకోలేదు. నన్ను చూసి దణ్ణం పెట్టి, ఇస్త్రీ ఆఫీసర్ని చూసి తల దించుకున్నాడు.

“నాకు చెప్పిందే ఈయనకీ చెప్పు,” అన్నాడు ఇస్త్రీ ఆఫీసర్.

“విమానాన్ని లాగి బయట వదిలానండి. టో బార్ తీసేశాను. తర్వాత అది తనంతట తాను వెళ్ళింది. మలుపు దగ్గర కెప్టెనమ్మ చక్రాన్ని బలంగా తిప్పారండి. నేను చూశానండి.” పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

“ఎక్కడ్నుంచి చూశావు?” అన్నాను.

“టగ్గు మీంచి.”

“మలుపు అక్కణ్ణుంచి చాలా దూరం. అంత దూరంలో చక్రం తిరగడం కనపడిందా?”

“కనపడిందండి. దాన్నే చూస్తూ ఉన్నాను.”

“రోజూ ఎన్నో విమానాల్ని బయట వదులుతావు. వదిలాక ప్రతిదాన్నీ అలాగే చూస్తూ నిలబడతావా?”

“లేదండి. పనుంటుంది కదండి.”

“మరి ఆ రోజు ఆ ఒక్క విమానం చక్రాన్నే ఎందుకు చూశావు బుల్లెట్?”

అతని వేళ్ళు తుడుచుకోవడం ఆగిపోయింది. నేను టో బార్ మీది ఆరు మూలల గుర్తు మీద వేలు పెట్టి, ఇంకేమీ అనకుండా ఊరుకున్నాను. కొందరి మీద అరిస్తే చెబుతారు, కొందరి కోసం ఆగితే చెబుతారు. ఇతను రెండో రకం.

“టక్‌మని వినపడిందండి,” అన్నాడు చివరికి. “మూల దగ్గర తిప్పుతుంటే లోపల టక్‌మంది. నా గుండె జారిపోయింది. చక్రం ఊగించి చూశాను, బాగానే ఉంది. అయినా మనసు ఒప్పుకోలేదండి. అందుకే మలుపు తిరిగేదాకా చూశాను. చక్కగా తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను.”

“చక్కగా తిరిగిందా! బలంగా తిప్పిందన్నావు కదరా నాతో?” ఇస్త్రీ ఆఫీసర్ మీదికి వెళ్ళబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

“నేననలేదండి. ‘బలంగా తిప్పింది కదూ’ అని మీరే ఫోన్లో అడిగారు. అవునన్నాను.” బుల్లెట్ ఏడుస్తున్నాడు. “ఆ తల్లి నన్నెప్పుడూ పేరు పెట్టి పలకరించేది. నేను ఆమె మీద చెప్పాను. రెండు రోజులుగా ముద్ద దిగడం లేదండి.”

“బోల్టు ఎప్పుడు వేశావు?”

“ఈ గది కట్టాకండి. కట్టాక పిన్నులు ఊరికే విరిగేవి. విరిగిన ప్రతిసారీ నాకు మెమో ఇచ్చేవాళ్ళు. ఎందుకు విరిగిందని ఒక్కరూ అడగలేదండి. ఎవడు విరగ్గొట్టాడనే అడిగారు. ఇంకొక్క మెమో వస్తే ఇంటికి పొమ్మన్నారు. అందుకని బోల్టు బిగించాను. అది విరగలేదు, మెమోలు ఆగిపోయాయి. ఈ మధ్య జాగ్రత్తగా నడుపుతున్నావని సూపర్‌వైజరు భుజం కూడా తట్టాడండి. ప్రమాదం జరిగిందని తెలియగానే బోల్టు పీకేసి కొత్త పిన్ను పెట్టి ఇంటికి పోయాను.”

కోపం తెచ్చుకోవాలనుకున్నాను. రాలేదు. విమానంలో అంతమంది ప్రాణాలు ఇతని బోల్టు మీద వేలాడాయి, నిజమే. కానీ విరగడమే పనిగా పెట్టుకున్న పిన్ను తన పని తాను చేస్తే, శిక్ష ఇతనికి వేశారు. ఇతను వాళ్ళు కోరిందే ఇచ్చాడు, ఏదీ విరగని టో బార్.

ఇస్త్రీ ఆఫీసర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ గోడ కట్టించిన కాగితం మీద కూడా ఆయన సంతకమే ఉండి ఉంటుంది. నాకు గెలిచానన్న సంతోషం కలగాలి. కానీ అడగాల్సింది ఇంకొక్కటి మిగిలే ఉంది.

“బుల్లెట్, నన్ను చూసి చెప్పు. ఆ టక్‌మన్న చప్పుడు ఆ ఒక్కసారే విన్నావా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“రెండుసార్లండి. అదే పొద్దున దాని వెనకున్నదాన్ని కూడా బయటికి తీశాను. దానికీ వినపడింది. కానీ అది ఎక్కడికీ వెళ్ళదు కదండి. స్పేరు విమానం. అవసరానికని బయట పెట్టి ఉంచుతారు. సెలవు నుంచి వచ్చాక ఎలాగోలా చెబుదామనుకున్నాను.”

ఇస్త్రీ ఆఫీసర్ గిర్రున తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అవసరం పడింది,” అన్నాడు. “గడ్డిలో దిగబడ్డ విమానం బదులు పొద్దున దాన్నే పంపించాం. ఈపాటికి తిరిగి వస్తూ ఉంటుంది.”

ఎవరం ముందు పరుగెత్తామో నాకు గుర్తులేదు. ఆపరేషన్స్ గది పై అంతస్తులో ఉంది. నేను రొప్పుతూ మెట్లెక్కేసరికి ఇస్త్రీ ఆఫీసర్ అప్పటికే డ్యూటీలో ఉన్నావిడ బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఆవిడ లావు కళ్ళద్దాల్లోంచి మా ఇద్దర్నీ పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది.

“ఆ స్పేరు విమానమా? వచ్చేసింది సార్. పైనే ఉంది. రెండుసార్లు దిగబోయి మళ్ళీ పైకి లేచాడు. పక్కగాలి బాగా ఉందట. తగ్గాక దిగుతానంటున్నాడు.”

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. రన్‌వే పక్కన గాలి ఎటు వీస్తోందో చూపడానికి కర్రకి కట్టిన గుడ్డ గొట్టం ఉంది. అది తడిసిన చొక్కాలా కర్రని అంటుకుని వేలాడుతోంది. కంచె మీద కాగితం ముక్క ఒకటి చిక్కుకుని ఉంది, అదీ కదలడం లేదు.

“గాలెక్కడుందండీ?” అన్నాను.

ఆవిడ కూడా లేచి చూసింది. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

ఇస్త్రీ ఆఫీసర్ వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. ఆయన పరుగెత్తడం ఈ ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు, వరండాలో వాళ్ళు గోడలకి అతుక్కుపోయి దారిచ్చారు. ఆయన తిరిగి వచ్చినప్పుడు వెనక కెప్టెన్ ఉంది. ఒక చెయ్యి మెడ పట్టీ మీద ఉంది, రెండో చేతిలో కలం మూత. నేను వద్దన్నా ఆమె కలం తీసిందన్నమాట. ఇంకో నిమిషం ఆలస్యమైతే సంతకం పెట్టేసేది.

మెట్ల మీదే ఆయన సంగతంతా చెప్పినట్టున్నాడు. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. రేడియో వైపు చెయ్యి చాపింది.

“సార్, మేడమ్ సస్పెన్షన్లో ఉన్నారు. ఆవిడ మాట్లాడకూడదు. రూలు ఒప్పుకోదు,” అంది డ్యూటీ ఆవిడ బెదురుతూ.

“నేను మాట్లాడించానని రాసుకో. నా పేరు పెద్ద అక్షరాలతో రాసుకో,” అన్నాడు ఇస్త్రీ ఆఫీసర్. “నువ్వు టవర్‌కి చెప్పు. రన్‌వే ఖాళీ చేయించు. ఫైరింజన్లు, అంబులెన్సులు, అన్నీ.” చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. ఆ మనిషి మీద నాకున్న పాత కోపం ఎక్కడికి పోయిందో తెలీదు.

కెప్టెన్ మైకు నొక్కింది. తానెవరో చెప్పింది. “ఎలా ఉంది నాయనా పైన?” అని అడిగింది.

చిన్న వయసు గొంతు. జాగ్రత్తగా ఏరుకున్న మాటలు. “అంతా మామూలుగానే ఉంది మేడమ్. గాలి ఎక్కువగా ఉంది. తగ్గగానే దిగుతాను.”

“గాలి లేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను.”

గరగర తప్ప ఏమీ వినపడలేదు.

“చక్రాలు దింపగానే స్టీరింగ్ లైటు వెలిగిందా?”

మళ్ళీ గరగర. తర్వాత ఆ గొంతు వచ్చింది. ఈసారి ఏరుకున్న మాటలు కావు, ఒక దాని మీద ఒకటి పడుతూ వచ్చాయి.

“మేడమ్, నేను మలుపులో బలంగా తిప్పలేదండీ. ఒట్టు. మా కో-పైలట్‌ని అడగండి. చాలా నెమ్మదిగా తిప్పాను. చక్రాలు పైకి తీసి మళ్ళీ దింపితే లైటు పోతుందేమోనని చూస్తున్నాను. పోవడం లేదు. నేను నిజంగా తిప్పలేదండీ.”

డ్యూటీ ఆవిడ తల వంచుకుని, నాకు మాత్రమే వినపడేలా, “నిన్న పైలట్లందరికీ సర్క్యులర్ వెళ్ళిందండి. ఆ లైటు వెలిగితే బయల్దేరినప్పుడు తిప్పినవాళ్ళదే బాధ్యత అని,” అంది. అది ఎవరు పంపారని నేను అడగలేదు. ఇస్త్రీ ఆఫీసర్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నిండా మనుషులున్న విమానం. కింద మేమంతా ఉన్నాం. అయినా ఆ కుర్రాడు సాయం అడగకుండా, ముందు తన తప్పు లేదని చెప్పుకున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

“నువ్వు తిప్పలేదు. నాకు తెలుసు,” అంది కెప్టెన్. “నేనూ తిప్పలేదు. ఏం జరిగిందో ఇక్కడ తేలిపోయింది. నిన్నెవరూ ఏమీ అనరు.”

“నిజంగానా మేడమ్?”

“నిజంగా. ఆ సంగతి ఇక వదిలెయ్. ఇంధనం ఎంత మిగిలింది?”



“గాలి అని చెప్పి తిరుగుతూనే ఉన్నాను మేడమ్. ఎవరికి చెప్పాలో తెలీలేదు,” అన్నాడు. “ఇక ఒక్కసారి దిగడానికే సరిపోతుంది.”

ఇస్త్రీ ఆఫీసర్ చేతులు తీసి కెప్టెన్ వైపు చూశాడు. అందరం ఆమె వైపే చూశాం. ఆమె పక్కనున్న కుర్చీని కాలితో దగ్గరికి లాక్కుంది, మెడ పట్టీ విప్పి బల్ల మీద పడేసింది, కిటికీలోంచి ఆకాశం కనిపించేలా కూర్చుంది.

“సరే,” అంది. “దిగుదాం.”